బొగ్గు ఓడలో వచ్చిన పాట

కారులో ఏసీ చల్లగా కొడుతోందేమోనని తగ్గించి చూసింది అరుంధతి. ఆనందరావు తల అడ్డంగా ఊపాడు. పోనీ ఉక్కగా ఉందేమోనని పెంచింది. దానికీ అడ్డంగానే ఊపి, చెప్పాలనుకున్నది చెప్పలేక, మళ్ళీ ఆ ఇంగ్లీషు పాటే ఎత్తుకున్నాడు. ఆ పాట తప్ప ఆయన నోట ఇప్పుడు మరేదీ రాదు. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ కుడి కాలూ పడిపోయిన రోజునే మాటా పడిపోయింది. చెయ్యి కొంచెం కదులుతోంది, కాలు కర్ర సాయంతో నాలుగడుగులు వేస్తోంది, మాట మాత్రం పోయిన చోటి నుంచి తిరిగి రాలేదు. భార్య పేరు రాదు, కూతురి పేరు రాదు, మంచినీళ్ళు అనడం రాదు, అమ్మా అని మూలగడం కూడా రాదు. కానీ ఆయన కాలేజీలో చదివే రోజుల్లో ఆస్ట్రేలియాలో ఎవరో కుర్రాళ్ళు గిటార్లు పట్టుకుని పాడిన పాట మాత్రం మొదటి నుంచి చివరి దాకా ఒక్క అక్షరం తడబడకుండా వచ్చేస్తుంది. ఆకలేసినా అదే, నొప్పేసినా అదే, బాత్రూమ్‌కి వెళ్ళాలన్నా అదే. అది పాడుతూ ఆమె మొహంలోకి చూస్తాడు, ఇంత విడమరిచి చెబుతుంటే నీకింకా అర్థం కాలేదా అన్నట్టు.

కారు ఆగిపోయి చాలాసేపయింది. తమ ఇల్లున్న అల్ వుకైర్ వెళ్ళే దారిలో సిమెంటు ఇటుకల లారీ ఒకటి తిరగబడిందని ముందు కారతను దిగి చూసొచ్చి, చేతులు తిప్పి సైగలు చేసి చెప్పాడు. ఇటూ అటూ బళ్ళే, వెనక్కి తిరగడానికి లేదు, పక్కకు దిగడానికి లేదు. బయట ఎండ తెల్లగా, చూస్తే కళ్ళు మూసుకోవాలనిపించేలా ఉంది. నీళ్ళ సీసా మూత తీసి ఆయన పెదవులకు ఆనించింది. తాగలేదు, ఎడం చేత్తో సీసాను నెట్టేశాడు, నీళ్ళు ఆమె చీర మీద ఒలికాయి, ఆ చేతినే ముందుకు చాచి డాష్‌బోర్డు వైపు చూపించాడు. పాట పెట్టమంటున్నాడా? పెట్టింది. వద్దన్నట్టు తల ఊపాడు. తీసేసింది. నొప్పా? ఎక్కడ? భుజం నొక్కింది, మెడ నొక్కింది. ఏదీ కాదు. నుదుటి మీద చెయ్యి వేసి చూసింది, మొహం ఒక పక్కకి ఏమైనా లాగిందా అని చూసింది. మొదటిసారి అలాగే అయింది కదా, ఫలహారం చేస్తూ చేస్తూ ఇడ్లీ ముక్క చేతిలోంచి జారిపోయింది, అల్లం చట్నీలో ఉప్పు ఎక్కువైందేమో, అందుకే వదిలేశాడేమో అనుకుంది తను. ఉప్పు ఎక్కువైందా అని రెండుసార్లు అడిగింది కూడా. ఆ రెండుసార్లు అడిగిన సమయం ఆమెను ఇప్పటికీ వదల్లేదు.

లైసెన్సు ఎప్పుడో పిల్ల స్కూలుకెళ్ళే రోజుల్లో తీసుకుంది గానీ, ఆయన పక్కనుండగా స్టీరింగు పట్టుకునే పని పడలేదు. ఆసుపత్రి నుంచి ఆయన్ని ఇంటికి తెచ్చిన రోజే మొదటిసారి ఇంత పెద్ద రోడ్డెక్కింది. కారు స్టార్ట్ చేస్తే, ఆయన ఎప్పుడో గుచ్చి ఉంచిన పెన్‌డ్రైవ్ దానంతటదే మోగింది. డ్రమ్ములు, పెద్ద ఖాళీ గోడౌన్లో కొడుతున్నట్టు ప్రతిధ్వనించే డ్రమ్ములు. ఆపుదామని చూస్తే ఏ మీట నొక్కాలో తెలియలేదు, కళ్ళు రోడ్డు మీంచి తియ్యడానికి భయం. అంతలో పక్క సీట్లోంచి గొంతు వినిపించింది. తన మొగుడి గొంతు, వారాల తరబడి వినని గొంతు, బొంగురుపోయి, అయినా శ్రుతిలో, ఇంగ్లీషు మాటలు ఒకదాని వెనక ఒకటి గింజలు రాలినట్టు రాలుతున్నాయి. కారు పక్కకు ఆపేసి ఏడ్చింది. నయమైపోయిందనుకుంది. ఏవండీ, ఏవండీ, నా పేరు చెప్పండి అంది. ఆయన నోరు తెరిచాడు, నాలుక వెతుక్కుంది, గొంతులో ఏదో గరగరలాడింది, మళ్ళీ పల్లవి పాడాడు.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి ఆ పాటకు అర్థం అడిగింది. అర్థమేముంది, పుట్టినరోజు పార్టీకి పిలవలేదని అలిగినవాడి పాట అని నవ్వాడు. అంతే. ఆ అలిగినవాడి మాటలే ఇప్పుడు తన మొగుడికి మిగిలిన భాష. రామకోటి రాసుకున్న వాళ్ళమ్మ నేర్పిన శ్లోకాలు పోయాయి, అన్నం తింటూ విసుక్కునే మాటలు పోయాయి, ప్లాంటులో పంపుల గురించి గంటలు గంటలు చెప్పే ఇంజనీరు మాటలు పోయాయి, పడుకునే ముందు చీకట్లో అనే ఒకటి రెండు మాటలు, అవీ పోయాయి. ఉప్పునీటిని మంచినీళ్ళు చేసే ప్లాంటులో పాతికేళ్ళు పనిచేసి, ఈ ఊరికంతా నీళ్ళు నేనే తోడిపోస్తున్నానని గొప్పలు పోయేవాడు, దాహమేస్తే అడగలేడు.

విశాఖపట్నంలో ఇంజనీరింగ్ చదివే రోజుల్లో హాస్టల్ కిటికీకి తీగ కట్టి, ట్రాన్సిస్టర్లో ముల్లు కొద్దికొద్దిగా తిప్పుతూ ఆస్ట్రేలియా రేడియో పట్టేవాడట. మొదట ఏదో పక్షి పగలబడి నవ్వేదట, అది ఆ స్టేషన్ గుర్తు. ఆ నవ్వు వినిపించగానే పక్క గదుల వాళ్ళు కూడా వచ్చి మంచం మీద కూర్చునేవారట. పాట అలలాగా దగ్గరకొచ్చేది, దూరమయ్యేది, సరిగ్గా బాగున్న చోటే కరిగిపోయేది. అది అలా పోతుంటే ప్రాణం ఉసూరుమనేది అరుంధతీ, మళ్ళీ వస్తుందని చెవి అక్కడే పెట్టుకుని ఉండేవాళ్ళం అని చెప్పేవాడు. రేవుకు ఆస్ట్రేలియా నుంచి బొగ్గు ఓడలు వచ్చేవి. ఓడ దిగిన కుర్రాళ్ళు చేతి ఖర్చులకు క్యాసెట్లు అమ్మేసేవారు. ఈ పాట అలా ఒక బొగ్గు ఓడలో వచ్చింది. పెర్త్ ఊరి పిల్లలు ఐదుగురట, రెండు పాటలు పాడి ఎటో పోయారట, వాళ్ళ పేరు ఆ ఊళ్ళో వాళ్ళకు కూడా గుర్తుండకపోవచ్చట. ఆ రోజుల్లో అక్కడి బ్యాండ్లన్నీ బార్లలో పాడి పైకొచ్చినవేనని, తాగినవాళ్ళు నచ్చకపోతే గ్లాసులు విసిరేవారని, ఆ గోలను మించి పాడాలి కాబట్టి వాళ్ళ గొంతులకు ఆ గరుకుతనం వచ్చిందని చెప్పేవాడు. ఒకరి పాటలో మన పిల్లనగ్రోవి లాంటిది దూరేదట. ఇంకొకరు ఎడారి నేల ఎవరిదో వాళ్ళకు తిరిగి ఇచ్చెయ్యమని పాడారట. ఈ దేశం వచ్చిన కొత్తలో శుక్రవారాలు సముద్రపు ఒడ్డున కారాపి, అద్దాలు దించి, ఆ పాటలు పెట్టుకుని, ఈ ఎడారి చూస్తే ఆ పాటలు ఇప్పుడే అర్థమవుతున్నాయి అనేవాడు. ఆమె అరిటికాయ బజ్జీల డబ్బా తెరుస్తూ ఊఁ అనేది. ఊఁ అన్నదే గానీ వినేది కాదు. అదేం తప్పని కాదు, ఆయనకూ ఆమె వినాలని ఉండేది కాదు, ఊఁ అంటే చాలేది. ఒక మనిషి మాట్లాడుతుంటే ఒక మనిషి ఊఁ అనడం, ఇన్నేళ్ళూ కాపురమంటే అదేననుకుంది. ఇప్పుడు ఊఁ అనడానికి తను సిద్ధంగా ఉంది, పగలూ రాత్రీ సిద్ధంగా ఉంది, మాట్లాడే మనిషే లేడు.

ముందు బళ్ళు ఒక గజం కదిలి ఆగాయి. ఆమె కూడా ఒక గజం కదిలించి ఆపింది. ఆయన సీటులో కొంచెం ముందుకు జారాడు. పాట హెచ్చింది. బాత్రూమా? అడగడానికి సిగ్గు లేదు ఇప్పుడు, డైపరు ఉంది, ఫరవాలేదండీ అంది. ఆయన కళ్ళు మూసుకున్నాడు, ఆ మాటకు కాబోలు, ఎడం చేతిని పిడికిలి చేసి తొడ మీద కొట్టుకున్నాడు. ఎందుకలా అన్నాను అనుకుంది. షిఫా అయితే ఇలా అనేది కాదు. షిఫా మాటలు నేర్పే అమ్మాయి, కర్నూలు పిల్ల. ఈ దేశంలో తెలుగు తెలిసిన స్పీచ్ థెరపిస్టు దొరకడం మన అదృష్టమని అందరూ అన్నారు. పాట వస్తోందని చెబితే ఆ పిల్ల ఎగిరి గంతేసినంత పని చేసింది. పాట మెదడులో ఒక పక్కన, మాట ఇంకో పక్కన ఉంటాయాంటీ, మాట గది కూలిపోయినా పాట గది నిలిచింది, ఈ గదిలోంచే ఆ గదికి దారి వెయ్యాల అంది. ఆ పాట వరసలోనే మంచినీళ్ళు, అన్నం, నొప్పి అని కూర్చి, ఎడం అరచేతి మీద తాళం కొడుతూ వారాల తరబడి పాడించింది. ఆంటీ, మీరూ పాడండి అంది. ఆ హోరు పాటను తను ఎలా పాడుతుంది, నోరు రాలేదు. ఆయన వరస పట్టేవాడు, మాట దగ్గరికొచ్చేసరికి మళ్ళీ ఇంగ్లీషులోకి జారిపోయేవాడు, గాడిలో దిగబడ్డ చక్రంలా. ఇవాళ్టిదే ఆఖరి క్లాసు. తలుపు బయట షిఫా ఆమె చేతులు పట్టుకుని మెల్లగా, అంకుల్‌కి చెప్పినారా ఆంటీ అని అడిగింది. లేదంది. అంకుల్‌కి అన్నీ అర్థమవుతాయాంటీ, మాట రాకపోతే మనసు లేనట్టు కాదు, మీరే చెప్పాల అంది. చెబుతానంది. లిఫ్టులో చెబుదామనుకుంది, కారెక్కాక చెబుదామనుకుంది.

చెప్పడానికేముంది. కంపెనీ ఓపిక పట్టినన్నాళ్ళు పట్టింది, ఇంక పట్టలేమంది. అందులో వాళ్ళ తప్పేం లేదు, మర్యాదగానే చెప్పారు. వీసా పోతుంది, ఇల్లు ఖాళీ చెయ్యాలి, వచ్చే వారానికి హైదరాబాద్ టికెట్లు. అక్కడి దాకా తెలుసు. హైదరాబాద్‌లో విమానం దిగాక ఎక్కడికి? కూతురు అక్షర దగ్గర రెండు గదుల ఫ్లాటు, లిఫ్టు లేని మూడో అంతస్తు. రమ్మంటోంది, పాపం, మనసారా రమ్మంటోంది, అల్లుడూ రమ్మంటున్నాడు, కానీ ఈయన్ని ఆ మెట్లు ఎవరెక్కిస్తారు, ఎక్కించాక ఎవరు దించుతారు. విశాఖలో కొన్న స్థలం పిల్ల చదువప్పుడు అమ్మేశారు. రిటైరయ్యాక చూద్దాంలే అనేవాడు. ఏ ఊళ్ళో ఉందామని ఎప్పుడడిగినా అదే జవాబు, చూద్దాంలే. సముద్రం కనపడే చోట ఉండాలి అని మాత్రం ఒక్కసారి అన్నాడు. ఇందాక ఈ జామ్‌లో చిక్కుకునే ముందే అక్షర ఫోన్ చేసింది. ఫోను డాష్‌బోర్డు మీద స్టాండులో ఉంది, కారు స్పీకర్లలో దాని గొంతు ఖంగుమంది. అమ్మా, నా దగ్గరికా వైజాగ్‌కా, ఏదో ఒకటి చెప్పు, వీల్‌చైర్ బుక్ చెయ్యాలి, నాన్నకు చెప్పావా అసలు? తరవాత మాట్లాడతానని అరుంధతే ఠక్కున కట్ చేసింది. ఈయన అద్దంలోంచి బయటకు చూస్తున్నాడు, వినలేదులే అనుకుంది. ఆ తరవాత కాసేపటికే ఈ పాట మొదలైంది.

ఇంకాస్త జారాడు. సీటు బెల్టు మెడ కిందికి వచ్చేసింది. తను కూర్చున్న చోటి నుంచి చంక కింద చెయ్యేసి లాగింది, రాలేదు. మనిషి సగమే పనిచేస్తాడు గానీ బరువు మొత్తం ఉంటుంది. బెల్టు విప్పింది, ఇంకా జారాడు, మోకాళ్ళు డాష్‌బోర్డుకు ఆనాయి. పాట ఆగి ఒగర్పు మొదలైంది. తలుపు తీసుకుని దిగింది, వేడి మొహాన కొట్టింది, చుట్టూ తిరిగి ఆయన వైపు తలుపు తెరిచి, కాస్త లేవండి, ఏవండీ, కాస్త కాలు తన్నిపెట్టండి, నావల్ల కావట్లేదండీ అంటూ లాగుతోంది. చీర చెంగు తలుపులో చిక్కింది. పక్క వరసలో ఆగి ఉన్న సైటు బస్సు నీడలో నలుగురైదుగురు కూలీలు నిలబడి ఉన్నారు. అందులోంచి ఒకతను, నలభై ఏళ్ళుంటాయేమో, మెడకు తువ్వాలు చుట్టుకున్నవాడు, దగ్గరకొచ్చాడు.

"తెలుగోళ్ళా అమ్మా? మీరు జరుగున్రి, నేను లేపుత."

ఆమె పక్కకు జరిగింది. అతను ఒక చెయ్యి ఆయన వీపు కిందికీ ఒక చెయ్యి మోకాళ్ళ కిందికీ పోనిచ్చి, పసిపిల్లను ఎత్తినట్టు ఎత్తి, సీటులో వెనక్కి కూర్చోబెట్టాడు. పడిపోయిన కుడి చేతిని కూడా తీసి జాగ్రత్తగా ఒళ్ళో పెట్టాడు. పేరు జలంధర్ అని, జగిత్యాల దిక్కు అని, వాళ్ళ బాపుకు కూడా గిట్లనే అయిందని చెప్పాడు. ఆయనకు మాట వచ్చిందా అని అడగబోయి ఊరుకుంది. అడిగితే అతను నిజం చెబుతాడేమోనని. జలంధర్ బెల్టు పెట్టి, ఆయన మొహం చూసి, ఈ ఎండలో సార్‌ను పట్టుకొని మీరొక్కరే తిరుగుడు కష్టమమ్మా, ఇంటికి తోల్కపోరాదు అన్నాడు.

"పోతున్నాం బాబూ, వచ్చే వారం," అంది అరుంధతి. నోట్లోంచి వచ్చేశాక గాని తెలియలేదు, అది ఆయన ముందే అనేసిందని.

"మంచిగైంది," అన్నాడు జలంధర్. "ఏడికి?"

ఏ మనిషైనా అడిగే మాటే. ఆమె నోరు తెరిచింది. హైదరాబాద్ అనొచ్చు, అబద్ధం కాదు. కానీ ఆ నిమిషాన మూడంతస్తుల మెట్లు కళ్ళ ముందు నిలిచాయి, ఎవరో ఆయన్ని కుర్చీతో సహా మోస్తున్నట్టు, మలుపు దగ్గర కుర్చీ పక్కకు ఒరిగినట్టు, ఏదీ అనలేకపోయింది. ఆ ఖాళీలోకి ఆయన గొంతు వచ్చింది. పాటే, ఆ పాటే, పల్లవి పైకెక్కే చోటు. కానీ ఇంగ్లీషు కాదు.

"ఏ... డి... కి."

ఆమె ఆయన వైపు తిరిగింది. ఆయన జలంధర్‌ను చూడటం లేదు, ఆమెనే చూస్తున్నాడు. కళ్ళు పెద్దవి చేసి, మెడ నరాలు ఉబ్బి, ఎడం చెయ్యి స్టాండులో ఉన్న ఫోను వైపు చాచి, మళ్ళీ పాడాడు. ఏడికి, ఏడికి. విశాఖ వైపు పుట్టి పెరిగిన మనిషి, బతుకులో ఎన్నడూ ఆ మాట అలా అన్నవాడు కాదు. చేతికందిన మాట పట్టుకున్నాడు, ఎవరిదైతేనేం, ఎక్కడిదైతేనేం. ఇంతసేపూ అడుగుతున్నది ఇదా. ఏసీ కాదు, నీళ్ళు కాదు, నొప్పి కాదు. కూతురి ఫోను విన్నాడు. విని, నన్ను ఎక్కడికి తీసుకుపోతున్నారని, ఉన్న ఒక్క పాటతో, పార్టీకి పిలవలేదని అలిగినవాడి పాటతో, గంట నుంచీ అడుగుతున్నాడు. తను డైపరు ఉంది ఫరవాలేదంది.

సార్‌కు మంచిగనే మాటొస్తుంది గదమ్మా అన్నాడు జలంధర్, ఏమీ తెలియక. బస్సు డ్రైవరు యల్లా యల్లా అని తొందరపెట్టి పిలుస్తున్నాడు. అతను తలుపు మెల్లగా వేసి వెళ్ళిపోయాడు. ఆమె చుట్టూ తిరిగొచ్చి తన సీట్లో కూర్చుంది. ఆయన ఇంకా పాడుతున్నాడు, మాట దొరికిన సంతోషమో, జవాబు రాలేదన్న కోపమో, రెండూ ఒక్క వరసలోనే ఉన్నాయి, గెంతుతున్నట్టుండే ఆ వరసలో. ఏదైనా చెప్పొచ్చు. సముద్రం కనపడే ఇల్లు చూశానని చెప్పొచ్చు. ఆయన నమ్ముతాడు, నమ్మకపోయినా ఎదురు చెప్పలేడు. ఆ ఎదురు చెప్పలేకపోవడమే ఆమె నోరు నొక్కేసింది.

"నాకు తెలీదండీ," అంది. "హైదరాబాద్ దాకా టికెట్లు తీశాను. అక్కడ దిగాక ఎక్కడికో నాకు తెలీదు."

ఆయన ఆగిపోయాడు. కళ్ళు ఆమె మొహం మీదే ఉన్నాయి. తల మెల్లగా ఆడించాడు, అవుననో, సరేననో. ఆమెకు ఒక్కసారిగా వేరే భయం పట్టుకుంది. ఏవండీ, మళ్ళీ అనండి, ఇందాక అన్నారే, ఇంకొక్కసారి అంది. ఆయన నోరు తెరిచాడు. నాలుక పైకి లేచింది, పళ్ళకు తగిలింది, వెతికింది. ఎడం చేత్తో గాల్లో ఏదో అందుకోబోయాడు. పల్లవి వచ్చింది. ఇంగ్లీషులో, ఒక్క అక్షరం పొల్లుపోకుండా వచ్చింది. ఆయనకు తెలిసిపోయింది అది కాదని, మధ్యలోనే పెదవులు బిగించేసుకున్నాడు, కంటి కొసన నీళ్ళు నిలిచాయి.

ముందు బళ్ళు కదిలాయి. వెనక నుంచి హారన్లు. ఆమె బ్రేకు మీంచి కాలు తీసింది. తిరగబడ్డ లారీ పక్కనుంచి, రోడ్డు నిండా పగిలిన సిమెంటు ఇటుకల పక్కనుంచి, పోలీసు చెయ్యి చూపించిన సందులోంచి కారును మెల్లగా తీసుకెళ్తూ, శ్రుతి లేకుండా, ఆ హోరు పాట వరస ఎలా ఎక్కుతుందో సరిగ్గా తెలియకుండానే పాడటం మొదలుపెట్టింది. ఏడికి. గొంతు చీలింది. మళ్ళీ ఎత్తుకుంది. ఏడికి, ఏడికి. ఎవరికీ జవాబు తెలియని మాటను ఆయన నోటికి తిరిగి అందించడానికి, అల్ వుకైర్ దాకా, ఎర్ర లైట్ల దగ్గర ఆగి, పచ్చ లైట్లకు కదిలి, అదే పాడుతూ పోయింది. ఆయన పక్కకు తిరిగి ఆమె పెదవులనే చూస్తూ కూర్చున్నాడు. ఆయన పెదవులు కూడా కదులుతున్నాయి గానీ, శబ్దం రావడం లేదు.